ఐర్లాండ్‌లో రేడియోయే రచ్చబండ

చిల్లర ముచ్చటతో మొదలు.. సర్కారును నిలదీయడంతో ముగింపు

రొట్టెను రొట్టె అని పిలవవచ్చునా, కూడదా? పద్దెనిమిది సైకిళ్లు నిలిపే పాకకు ఎంత ఖర్చు కావాలి? ఊరి పొలిమేరలోని ముళ్లచెట్టును నరికితే రహదారికి అరిష్టం తప్పదా? ఇవి పొడుపు కథలు కావు. ఐర్లాండ్‌లో వేర్వేరు సంవత్సరాల్లో సామాన్యుల నోళ్లలో నాని, రేడియో చర్చలకు ఎక్కిన అంశాలు. వినడానికి హాస్యంగా తోచే ఇటువంటి ముచ్చట్ల చుట్టూనే ఆ దేశంలో ఒక విశిష్టమైన ప్రసార సంప్రదాయం రూపుదిద్దుకుంది. మన పల్లెల్లో రావిచెట్టు కింది రచ్చబండ నిర్వహించిన పాత్రను అక్కడ రేడియో నిర్వహిస్తోందంటే అతిశయోక్తి కాదు.

2022 జనగణన ప్రకారం ఐర్లాండ్ జనాభా సుమారు 51 లక్షలు. టెలివిజన్, ఇంటర్నెట్, చేతి ఫోన్లు ఎన్ని వచ్చినా అక్కడి వయోజనుల్లో పదింట తొమ్మిది మంది వారంలో ఒక్కసారైనా రేడియో వింటున్నారని శ్రోతల సర్వేలు చెబుతున్నాయి. పాటలకు దీటుగా మాటలకూ ఆదరణ ఉండటం అక్కడి ప్రత్యేకత. 1984లో మొదలైన 'మార్నింగ్ ఐర్లాండ్' అనే ఉదయపు వార్తా కార్యక్రమం శ్రోతల సంఖ్యలో దేశంలోనే అగ్రస్థానాన నిలుస్తూ వస్తోంది.

నూరేళ్ల ప్రస్థానం

ఐర్లాండ్ స్వతంత్ర రాజ్యంగా అవతరించిన కొద్ది సంవత్సరాలకే, 1926 జనవరి 1న, డబ్లిన్ నగరం నుంచి '2ఆర్ఎన్' పేరిట తొలి రేడియో కేంద్రం ప్రసారాలు ఆరంభించింది. కాలక్రమంలో అదే 'ఆర్టీఈ' అనే ప్రభుత్వరంగ ప్రసార సంస్థగా ఎదిగింది. 1970వ దశకం నుంచి ఫోన్లు, ఉత్తరాల ద్వారా శ్రోతలు కార్యక్రమాల్లో పాలుపంచుకోవడం ఊపందుకుంది. 1973లో గే బర్న్ ప్రారంభించిన ఉదయపు కార్యక్రమం పాతికేళ్ల పాటు, అంటే 1998 వరకు, గృహిణుల నుంచి మంత్రుల వరకు అందరినీ రేడియో చుట్టూ కూర్చోబెట్టింది.

1985లో మేరియన్ ఫినుకేన్ వ్యాఖ్యాతగా 'లైవ్‌లైన్' మొదలైంది. తర్వాత ఈ కార్యక్రమ బాధ్యతను జో డఫీ స్వీకరించి, రెండున్నర దశాబ్దాలకు పైగా నిర్వహించి 2025 జూన్ 27న విరమించారు. ఎవరికైనా అన్యాయం జరిగితే 'జోకు చెప్పుకో' అనడం అక్కడ నానుడిగా స్థిరపడింది. పింఛను అందని వృద్ధుడు, నాసిరకం ఇల్లు కట్టించి ఇచ్చిన గుత్తేదారుతో తగవు పడుతున్న దంపతులు, పక్కింటి కుక్క అరుపులతో నిద్ర కరవైన ఉద్యోగి.. వీరందరికీ అది ఖర్చులేని ఫిర్యాదుల పెట్టెగా మారింది.

ఇరవై శాతం మాటలకే

ఈ సంప్రదాయం నిలదొక్కుకోవడం వెనుక ఒక చట్టం కూడా ఉంది. 1980వ దశకంలో ఐర్లాండ్‌లో అనుమతులు లేని 'పైరేట్' రేడియోలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. వాటికి అడ్డుకట్ట వేస్తూనే, 1988లో తెచ్చిన చట్టంతో ప్రైవేటు రేడియోలకు లైసెన్సులు ఇచ్చే విధానాన్ని ప్రభుత్వం ప్రవేశపెట్టింది. అందులో ఒక కీలక షరతు విధించింది. ప్రసార సమయంలో కనీసం 20 శాతాన్ని వార్తలకు, వర్తమాన వ్యవహారాలకు కేటాయించాలన్నది దాని సారాంశం. 2009 నాటి ప్రసార చట్టంలోనూ ఈ నిబంధనకు చోటు దక్కింది.

ఫలితంగా కేవలం పాటలు, ప్రకటనలతో కాలక్షేపం చేయడానికి స్థానిక కేంద్రాలకు వీలు లేకపోయింది. జిల్లా స్థాయిలో పనిచేసే చిన్న కేంద్రం సైతం విలేకరులను, చర్చలు నడిపే వ్యాఖ్యాతలను పోషించక తప్పలేదు. మేయో, కెర్రీ, డోనెగల్, క్లేర్ వంటి కౌంటీల్లో ఉదయం పూట సాగే మాటల కార్యక్రమాలు ఈ విధంగానే బలపడ్డాయి. ఊళ్లో ఎవరు మరణించారో, అంత్యక్రియలు ఎప్పుడో ప్రతిరోజూ చదివి వినిపించడం పలు గ్రామీణ కేంద్రాల్లో నేటికీ విధిగా సాగుతోంది. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ మాట్లాడరాదన్నది పెద్దల ఆజ్ఞ. ఇక డబ్లిన్‌లో 2002 ఏప్రిల్‌లో మొదలైన 'న్యూస్‌టాక్' పూర్తిగా మాటలకే అంకితమైన కేంద్రం. 2006లో అది దేశమంతటికీ విస్తరించింది. అందులో షాన్ మాంక్రీఫ్ నిర్వహించే మధ్యాహ్న కార్యక్రమం వింత విశేషాలకు పెట్టింది పేరు.

అంశాన్ని ఎంచుకునేదెలా?

మాటల కార్యక్రమానికి అంశాన్ని ఎంచుకోవడం పైకి కనిపించినంత తేలిక కాదు. ఉదయాన్నే నిర్మాతలు, పరిశోధకులు పత్రికలు తిరగేస్తారు. అర్ధరాత్రి వచ్చిన సందేశాలను పరిశీలిస్తారు. అంశం నిలవాలంటే మూడు లక్షణాలు అవసరం. మొదటిది, దానిపై అభిప్రాయం చెప్పడానికి పాండిత్యం అక్కరలేకపోవడం. రెండవది, వినేవారి నిత్యజీవితంలో దానికి సంబంధించిన అనుభవం ఉండటం. మూడవది, అటూ ఇటూ వాదించడానికి అవకాశం ఉండటం. బడ్జెట్ లోటుపై చర్చ అంటే ఫోన్ తీయడానికి జంకే వ్యక్తి, ఖాళీ సీసాలు తీసుకోవడానికి మొరాయించిన యంత్రం గురించి మాత్రం అనర్గళంగా మాట్లాడగలరు.

ఇందుకు 2024 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చిన సీసాల డిపాజిట్ పథకమే నిదర్శనం. అర లీటరు వరకు పరిమాణం గల ప్లాస్టిక్ సీసా లేదా డబ్బాపై 15 సెంట్లు, అంతకు మించితే 25 సెంట్లు కొనుగోలుదారు ముందే చెల్లించాలి. ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేస్తే ఆ మొత్తం తిరిగి వస్తుంది. సీసా నలిగితే యంత్రం స్వీకరించదు. నలిగిన సీసా నుంచి మొదలైన మాట.. కారు లేని వృద్ధులు సంచులు మోసుకుని ఎలా వెళ్లాలి, వెనక్కి రాని సీసాల సొమ్ము ఎవరికి చేరుతుంది అన్న ప్రశ్నల దాకా సాగుతుంది. 2002 మార్చిలో ప్లాస్టిక్ సంచులపై 15 సెంట్ల సుంకం విధించినప్పుడూ, 2004 మార్చి 29న కార్యాలయాల్లో, మద్యశాలల్లో పొగతాగడాన్ని నిషేధించినప్పుడూ ఇదే తరహా వాదోపవాదాలు సాగాయి. సుంకం వచ్చాక సంచుల వాడకం 90 శాతానికి పైగా తగ్గడంతో ఆ అలజడి సద్దుమణిగింది.

రొట్టె, సైకిల్ పాక

2020 సెప్టెంబరులో ఐర్లాండ్ సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు ఒకటి ప్రపంచవ్యాప్తంగా నవ్వులు పూయించింది. ఒక శాండ్‌విచ్ దుకాణాల ఫ్రాంచైజీ నిర్వాహకులు తమ ఉత్పత్తికి రొట్టెకు వర్తించే సున్నా పన్ను వర్తింపజేయాలని కోరారు. 1972 నాటి విలువ ఆధారిత పన్ను చట్టం ప్రకారం రొట్టెలో చక్కెర పిండి బరువులో 2 శాతాన్ని మించరాదు. వారి రొట్టెలో అది 10 శాతం ఉండటంతో, పన్ను నిమిత్తం దానిని రొట్టెగా పరిగణించలేమని న్యాయస్థానం తేల్చింది. పైకి ఇది హాస్యం. లోతుకు వెళితే, నిత్యావసరం ఏది, విలాసం ఏది అన్న గీతను ప్రభుత్వం ఎక్కడ గీస్తుందన్న పెద్ద ప్రశ్న.

2024 సెప్టెంబరులో వెలుగు చూసిన సైకిల్ పాక ఉదంతం మరింత దుమారం రేపింది. డబ్లిన్‌లోని పార్లమెంటు భవనం లీన్‌స్టర్ హౌస్ ఆవరణలో 18 సైకిళ్లు నిలిపే పాకకు సుమారు 3.36 లక్షల యూరోలు ఖర్చయినట్లు బయటపడింది. అంటే ఒక్కో సైకిల్‌కు 18 వేల యూరోలకు పైమాటే. చారిత్రక ప్రాంగణం కావడం వల్లే వ్యయం పెరిగిందని ప్రభుత్వ నిర్మాణాల విభాగం వివరణ ఇచ్చుకుంది. కోట్ల లెక్కలు సామాన్యుడి ఊహకు అందవు. సైకిల్ పాక ధర మాత్రం ఎవరికైనా అంచనాకు అందుతుంది. అందుకే ఆ పాక ప్రజాధన దుర్వినియోగానికి మారుపేరై కూర్చుంది. దాని వెన్నంటే మరో ప్రభుత్వ భవనం వద్ద కాపలాదారుల గదికి 14 లక్షల యూరోలు వెచ్చించిన సంగతీ చర్చకు వచ్చింది.

ముళ్లచెట్టు, మద్యం పర్మిట్లు

కొన్ని అంశాలు నమ్మకాలతో ముడిపడినవి. 1999లో క్లేర్ కౌంటీలోని లాటూన్ వద్ద రహదారి నిర్మాణానికి ఒక ముళ్లచెట్టు అడ్డువచ్చింది. అది 'ఫెయిరీ'లనే అదృశ్య జీవుల నెలవని, దానిని నరికితే ఆ దారిన ప్రమాదాలు తప్పవని జానపద కథకుడు ఎడ్డీ లెనిహన్ ఉద్యమించారు. చివరకు చెట్టును తప్పించి రహదారి వేశారు. నమ్మేవారు, నమ్మనివారు ఇరువురూ ఈ వాదనలో పాల్గొన్నారు. అయితే అభివృద్ధి పేరిట స్థానికుల మాటను పక్కన పెట్టవచ్చా అన్నదే దాని అసలు సారం.

2013 జనవరిలో కెర్రీ కౌంటీ కౌన్సిల్ చేసిన తీర్మానం మరో ఉదాహరణ. మారుమూల పల్లెల్లోని వారు రెండు మూడు గ్లాసులు తాగి తక్కువ వేగంతో ఇంటికి వాహనం నడుపుకొనేందుకు ప్రత్యేక పర్మిట్లు ఇవ్వాలని కౌన్సిలర్ డానీ హీలీరే ప్రతిపాదించగా, 5-3 ఓట్లతో అది నెగ్గింది. దేశవిదేశాల్లో ఎగతాళి వెల్లువెత్తింది. రోడ్డు ప్రమాదాల్లో ఆప్తులను కోల్పోయినవారికి అది పుండుపై కారం చల్లినట్లయింది. ప్రభుత్వమూ ప్రతిపాదనను అంగీకరించలేదు. కానీ ఆ నవ్వుల మాటున ఒక చేదు నిజం దాగి ఉంది. బస్సు సౌకర్యం లేని పల్లెల్లో ఒంటరిగా బతికే వృద్ధులకు సాయంత్రం వేళ నలుగురిని కలిసే చోటు మద్యశాల ఒక్కటే. 2018లో గ్రామీణ ప్రాంతాల్లో సాయంత్రపు బస్సు సర్వీసులను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టడం ఈ సమస్య ఎంత వాస్తవమో చాటింది.

నవ్వు ఆగిన రోజు

ముచ్చట్లకు అలవాటుపడిన శ్రోతలే ఒక్కోసారి గుండె లోతుల్లోని వేదనను బయటపెడతారు. 1984 జనవరి 31న లాంగ్‌ఫోర్డ్ కౌంటీలోని గ్రెనార్డ్‌లో 15 ఏళ్ల బాలిక ఒకరు, గర్భం దాల్చిన సంగతి బయటికి చెప్పుకోలేక మేరీమాత విగ్రహం చెంత ఒంటరిగా ప్రసవించి కన్నుమూసింది. శిశువూ దక్కలేదు. ఆ వార్త వెలువడ్డాక గే బర్న్ కార్యక్రమానికి దేశం నలుమూలల నుంచి మహిళల ఉత్తరాలు వెల్లువెత్తాయి. దశాబ్దాలుగా భర్తలకూ, తల్లులకూ చెప్పని రహస్యాలు అందులో ఉన్నాయి. ఫిబ్రవరి 23న కార్యక్రమాన్ని ఆ ఉత్తరాల పఠనానికే కేటాయించారు. ఐర్లాండ్ సామాజిక చరిత్రలో ఆ ఉదయానికి ప్రత్యేక స్థానం ఉంది. రోజూ వంటలు, వింతలు మాట్లాడుకునే నేస్తం కనుకనే ఆ మహిళలు రేడియోను నమ్మి కలం పట్టారు.

రెండంచుల కత్తి

ఈ బలానికి ప్రమాదపు అంచు కూడా ఉంది. 2008 సెప్టెంబరులో ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముదిరిన వేళ, బ్యాంకుల్లోని తమ పొదుపు భద్రమేనా అని 'లైవ్‌లైన్'కు ఫోన్లు మొదలయ్యాయి. సొమ్ము ఉపసంహరించుకున్నామని కొందరు చెప్పడంతో ఆందోళన అంటుకుంది. నాటి ఆర్థికమంత్రి బ్రయాన్ లెనిహన్ స్వయంగా ఆర్టీఈ అధిపతితో మాట్లాడి కలత వ్యక్తం చేశారు. రెండు రోజుల్లోనే, సెప్టెంబరు 20న, డిపాజిట్లపై హామీని 20 వేల యూరోల నుంచి లక్ష యూరోలకు ప్రభుత్వం పెంచింది. నెలాఖరుకు ఆరు బ్యాంకులకు పూర్తి హామీ ప్రకటించాల్సి వచ్చింది. 2010లో ఐర్లాండ్ 85 బిలియన్ యూరోల సహాయ ప్యాకేజీని ఆశ్రయించింది. రేడియో భయాన్ని పెంచిందని కొందరు, నాయకులు దాచిన నిజాన్ని జనమే పసిగట్టారని మరికొందరు నేటికీ వాదిస్తుంటారు. బ్యాంకులు నిజంగానే కుదేలయ్యాయన్నది మాత్రం చరిత్ర తేల్చిన సత్యం.

వదంతులు నిమిషాల్లో వ్యాపించే ఈ కాలంలో ఆ జాగ్రత్త మరింత అవసరం. 2024 అక్టోబరు 31న లేని హాలోవీన్ ఊరేగింపు కోసం, ఒక వెబ్‌సైట్ సమాచారాన్ని నమ్మి వేలాది మంది డబ్లిన్ ఓ'కానెల్ వీధిలో గుమిగూడారు. చివరకు పోలీసులే సర్దిచెప్పి పంపవలసి వచ్చింది. రేడియోలో అయితే మాట్లాడే వ్యక్తిని ముందుగా సిబ్బంది విచారిస్తారు. వర్తమాన వ్యవహారాల్లో అన్ని పక్షాలకూ న్యాయం జరగాలని 2009 చట్టం నిర్దేశిస్తోంది. 2023 మార్చిలో ఏర్పడిన మీడియా కమిషన్ ఈ నిబంధనల అమలును పర్యవేక్షిస్తోంది.

మనవారి మాట

ఈ చర్చలు భారతీయులకు పరాయివి కావు. 2022 జనగణన నాటికి ఐర్లాండ్‌లో భారత పౌరుల సంఖ్య 45 వేలు దాటింది. ఆసుపత్రుల్లో, ఐటీ సంస్థల్లో పనిచేసేవారు వీరిలో ఎందరో ఉన్నారు. 2012 అక్టోబరులో గాల్వే ఆసుపత్రిలో కర్ణాటకకు చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ మరణించినప్పుడు గర్భస్రావ చట్టంపై దేశమంతా చర్చించుకుంది. 2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 66 శాతానికి పైగా ఓటర్లు రాజ్యాంగంలోని నిషేధాన్ని తొలగించాలని తీర్పునిచ్చారు.

2025 జులై, ఆగస్టు నెలల్లో డబ్లిన్ పరిసరాల్లో భారతీయులపై దాడులు జరిగినప్పుడు భారత రాయబార కార్యాలయం జాగ్రత్తలు సూచించింది. నాటి అధ్యక్షుడు మైఖేల్ డి హిగ్గిన్స్ ఆ దాడులను ఖండించారు. వర్తమాన వ్యవహారాల చర్చలో వలసవచ్చినవారు ఒక అంశంగా మిగిలిపోతారా, లేక తమ గొంతుతో తామే మాట్లాడతారా అన్నది ఆ సందర్భంగా ముందుకు వచ్చిన ప్రశ్న. సీసాల యంత్రం గురించి, బస్సు ఆలస్యం గురించి స్థానికులతో సమానంగా ఫోన్ చేసి మాట్లాడేవారిని జనం తమవారిగా గుర్తిస్తారు. కష్టకాలంలో ఆ పరిచయమే అండగా నిలుస్తుంది. రచ్చబండ మీద కూర్చునే చోటు దక్కినవారి మాటకే ఊళ్లో విలువ ఉంటుందన్నది మన పెద్దలకూ తెలిసిన సంగతే.