తలుపు తట్టు యౌవనుడు – "నాకు తెలియును" అను సాక్ష్యము

మార్మనులని లోకము పిలుచు కడవరి దిన పరిశుద్ధుల సంఘమువారు తమ యౌవనస్థులను ఇంటింటికి పంపుదురన్న సంగతి పాఠకులలో అనేకులకు తెలిసినదే. తెల్ల చొక్కా, టై, ఎదపై నల్లని పేరుపలక, మీసము సరిగా రాని పిల్లవాని పేరుకు ముందు "ఎల్డర్" అను మాట. వారి బోధను ఖండించు వ్యాసములు చాలినన్ని వచ్చియున్నవి. అయితే తలుపు బయట నిలిచినవాని విశ్వాసమునకు ఆ రెండేండ్లలో ఏమి జరుగుచున్నదో మనము అంతగా విచారించలేదు. ఇక్కడ ఆ ప్రశ్ననే తీసికొనుచున్నాము.

జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రములో ఈ సంఘమును స్థాపించెను. యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు సేవకు వెళ్లుదురు. యువకుల కనీస వయస్సును 2012లో 19 నుండి 18కి తగ్గించిరి. ఖర్చు సాధారణముగా వారిది, వారి కుటుంబములది. ఎక్కడికి వెళ్లవలెనో వారు కోరుకొనరు, సంఘమే నిర్ణయించును. ఎప్పుడును జతగానే ఉండవలెను. 2019 ఫిబ్రవరి వరకు ఇంటికి ఫోను సాధారణముగా సంవత్సరమునకు రెండు సార్లే, క్రిస్మస్‌కును మాతృ దినమునకును. ఆ తరువాతనే వారమునకొకసారి మాట్లాడ ననుమతించిరి.

వినువారిని వారు కోరునది ఒక్కటే: మార్మను గ్రంథమును చదివి, అది సత్యమా కాదా అని దేవుని అడుగుము. మొరోనై గ్రంథము 10వ అధ్యాయములోని వాగ్దానము దీనికి ఆధారము. హృదయములో కలుగు ఆదరణను, వెచ్చదనమును పరిశుద్ధాత్మ ఇచ్చు జవాబుగా ఎంచుదురు. చెప్పువాడును అదే రీతిగా "ఇది సత్యమని నాకు తెలియును" అని సాక్ష్యమిచ్చును. బాల్యము నుండి ఆలయములో విన్న ఆ మాటనే ప్రతి గుమ్మము నొద్దను పలుకును.

2014లో మేము టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంట నుండగా ఇట్టివారిద్దరు వచ్చిరి. మండుటెండ. మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టితిమి. మేము పాస్టరునని తెలిసియు వారు లేచి పోలేదు. మాటలలో ఒకడు ఇట్లనెను: "అయ్యా, మూసిన తలుపులు నెల రోజులలో అలవాటైపోయినవి. తెరిచిన ఒక తలుపే కష్టమైనది. ఒక ముసలామె నా మాటలన్నియు విని, 'నీకెట్లు తెలియును?' అని నెమ్మదిగా అడిగినది. మా ఊరిలో నన్నెవరును అట్లడుగలేదు. అందరు చెప్పునదే చెప్పితిని. ఆ రాత్రి అది నా స్వరమువలె నాకు తోచలేదు. ఇప్పుడు 'నమ్ముచున్నాను, నిరీక్షించుచున్నాను' అని చెప్పుచున్నాను." ప్రక్కవాడు వెంటనే, "తెలియును అనే చెప్పవలెను" అని సరిదిద్దెను. సరిదిద్దినవానికి ఇరువదేండ్లుండవు!

మా దృష్టికి మొదటివాడే తన గ్రంథమునకు దగ్గరగా నున్నాడు. మార్మను గ్రంథములోని ఆల్మా 32వ అధ్యాయము విశ్వాసము పరిపూర్ణ జ్ఞానము కాదనియు, వాక్యమును విత్తనమువలె నాటి పరీక్షించవలెననియు బోధించును. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము సహితము విశ్వాసమును నిరీక్షణతోను, కనబడనివాటితోను ముడివేసినది.

అయినను "తెలియును" అను మాటనే తప్పుపట్టుట న్యాయము కాదు. యోహాను తన మొదటి పత్రికలో దానిని మరల మరల వాడెను. ఆ తెలివి దేనిమీద నిలిచియున్నదన్నదే ప్రశ్న. యోహాను తాము విన్నదానిమీద, చూచినదానిమీద, చేతులతో తాకినదానిమీద నిలుపుచున్నాడు. పౌలు 1 కొరింథీ 15లో పునరుత్థానుని చూచినవారిని వరుసగా చెప్పుచున్నాడు. బెరయవారు పౌలు బోధనే లేఖనములతో సరిచూచిరి. హృదయపు వెచ్చదనము న్యాయాధిపతి కాజాలదు. అది సాక్షులలో ఒకటి మాత్రమే. తండ్రికి శరీరమున్నదను వారి బోధ మొదలైన భేదములు పెద్దవే గాని, అవి వేరొక వ్యాసమునకు తగినవి.

మన సాక్ష్యపు కూటములలో మాత్రము ఏమి జరుగుచున్నది? పదేండ్ల పిల్లలు "ప్రభువు నాతో మాట్లాడెను" అని పెద్దల వాడుకను అప్పగించుచున్నారు. నీకెట్లు తెలియునని మనమును వారిని అడుగుట లేదు.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. సమోవాలో ఈ సంఘమున చేరిన ఒక తెలుగు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి స్వజనులకు బోధించగా అనేకులు బాప్తిస్మము పొందిరి. 2012లో ఈ సంఘము భారతదేశమందలి తన మొదటి స్టేకును, అనగా స్థానిక సంఘముల కూటమిని, హైదరాబాదులోనే ఏర్పరచినది. అపరిచితుల గుమ్మములకంటె ముందు బంధువుల గుమ్మములే వారికి ఇక్కడ తెరువబడినవి. కాబట్టి మన కాపరులకు ఎదురగువాడు విదేశీయుడు కాకపోవచ్చును, చిన్నాన్న కొడుకే కావచ్చును. అతనిని కూర్చుండబెట్టి, ఆల్మా 32ను 1 కొరింథీ 15ను ప్రక్క ప్రక్కన తెరచి, ఆ ముసలామె అడిగిన ప్రశ్ననే అడుగుడి. అతడు తిరిగి మిమ్మును అడుగును. జవాబు సిద్ధపరచుకొని కూర్చుండుడి.