పిడికెడు బియ్యం... కొండంత ధైర్యం
కష్టకాలంలో దేవుని బలమే ఆసరాగా పల్లె క్రైస్తవులు

గజపతినగరం: ఎసట్లో వేయబోయే బియ్యంలోంచి ఒక్క పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తే ఇంటిల్లిపాదికీ పెద్ద లోటేమీ రాదు. కాని ఇంట్లో ఉన్నవే రెండు సోలలైన రోజున ఆ పిడికెడు తీయాలంటే గుండె నిబ్బరం కావాలి. తెలుగు క్రైస్తవ సంఘాల్లో తరతరాలుగా వస్తున్న అలవాటు ఇది. దీన్ని 'పిడికెడు బియ్యం' అనే అంటారు. వంట చేసే ప్రతిసారీ తీసి ఉంచిన బియ్యాన్ని ఆదివారం ఆరాధనకు తెచ్చి గుడిలో పోస్తారు. అందులో కొంత అయ్యగారి ఇంటికి, కొంత సంఘంలో మంచాన పడినవారికి పోతుంది. మిగిలింది అమ్మి గుడి ఖర్చులకు వాడతారు. ఇచ్చేవారిలో ఎక్కువమంది తామే కూలి బతుకులు బతికేవారు కావడం గమనార్హం.

చంపావతి నది పొడవునా, విజయనగరం నుంచి సాలూరు వెళ్లే రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పల్లెల సంగతి అందరికీ తెలిసిందే. వాన పడితే వరి, మెట్టలో గోగు, వేరుశనగ. వాన ముఖం చాటేస్తే మూటా ముల్లె సర్దుకుని విశాఖపట్నమో హైదరాబాదో భవన నిర్మాణ పనులకు పోవడమే. ముసలివాళ్లు, పిల్లలు ఇంటి దగ్గర మిగులుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తోటలను నేలకూల్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరిని, జీడిమామిడిని ఊడ్చిపెట్టింది. తుఫాను ఎవరి మతమూ అడగలేదు. రామాలయంలో భజన చేసినవారూ, గుడిలో మోకరించినవారూ సహాయపు బియ్యం కోసం ఒకే వరసలో నిలబడ్డారు. 2020లో కరోనా వచ్చినప్పుడైతే గుడి తలుపులే మూతపడ్డాయి. ఆ ఏడాది ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగను ఎవరింట్లో వారు తలుపులు వేసుకుని పాటలు పాడి జరుపుకోవలసి వచ్చింది.

ఇన్ని జరిగినా సాయంత్రం ప్రార్థన కూటాలు ఆగలేదు. "ఏటి సేత్తాం, ఆయనే నడిపిస్తాడు" అనే మాట ఈ ప్రాంతంలో తరచు వినిపిస్తుంది. పైకి ఇది చేతులెత్తేసినట్టే ఉంటుంది. అయితే ఆ మాట అన్న మనిషే మర్నాడు తెల్లవారకుండా చోడి అంబలి తాగి ఊడుపుకు పోవడం చూస్తే అర్థం వేరని తెలుస్తుంది.

శ్రీకాకుళంలో రాలిన ప్రాణం

బైబిలులో పౌలు అనే అపొస్తలుడు తన శరీరంలో ముల్లులాంటి బాధ ఒకటి ఉందనీ, దాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాననీ రాసుకున్నాడు. బాధ పోలేదు. నా కృప నీకు చాలు, నీ బలహీనతలోనే నా శక్తి కనబడుతుంది అన్న భావం గల జవాబు మాత్రం వచ్చింది. ఇక్కడి ప్రార్థన కూటాల్లో ఎంతోమందికి ఆసరా అయిన ఈ మాట తెలుగులోకి రావడం వెనుక ఉన్న కథ కూడా కష్టాల కథే. అది ఎక్కడో కాదు, ఉత్తరాంధ్రలోనే జరిగింది.

జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చారు. రైలు లేని రోజులవి. మన్యపు జ్వరాలకు పనికివచ్చే క్వినైన్ మందును కనుగొన్నదే 1820లో. ఇద్దరూ తెలుగు నేర్చుకుంటూ బైబిలు అనువాదం మొదలుపెట్టారు. క్రైస్తవం పుచ్చుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వారికి తోడయ్యాడు. పని కాస్త గాడిన పడుతున్న వేళ 1809 జనవరిలో క్రాన్ శ్రీకాకుళంలో కన్నుమూశాడు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1810 జూలైలో డెస్ గ్రాంజెస్ కూడా పోయాడు. అప్పటికి మత్తయి, మార్కు, లూకా సువార్తల అనువాదం సిద్ధమైంది. 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అవి అచ్చయ్యాయి.

ఆ శ్రీరాంపూరు ముద్రణాలయం కూడా అదే 1812లో మార్చి 11న అగ్నికి ఆహుతైంది. దేశభాషల అచ్చు అక్షరాలు, విలియం కేరీ ఏళ్ల తరబడి రాసుకున్న నిఘంటువు రాతప్రతులు బూడిదయ్యాయి. అక్కడివారు శిథిలాల్లో కరిగి ముద్దయిన లోహాన్ని ఏరుకుని మళ్లీ అక్షరాలు పోతపోశారు. విశాఖపట్నంలో మొదటి ఇద్దరి తర్వాత వచ్చిన ప్రిచెట్ పనిని అందుకున్నాడు. తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. రెండేళ్లకు ప్రిచెట్ కూడా మరణించాడు.

ఇదంతా దొరల గొప్ప చెప్పడానికి కాదు. మాట మాటకూ పక్కన కూర్చుని తెలుగు అందించిన పండితుల్లో ఆనందరాయర్ వంటి ఒకరిద్దరి పేర్లు తప్ప మిగలలేదు. వారి కష్టం ఎవరి లెక్కలోకీ రాలేదు.

పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి కథ అలా మరుగున పడలేదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ముప్పై ఏళ్ల వయసులో 1833లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. అయినవాళ్లు దూరమయ్యారు. ఆయన రాసిన కీర్తనలు మాత్రం ఈనాటికీ తెలుగు గుడులన్నిటా మోగుతున్నాయి. చదువు రాని తల్లులు కూడా పుస్తకం చూడకుండా పాడేస్తారు. ఆయన 1890లో మరణించాడు.

ఈనాటి కష్టం ఇంకొక రకం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులైన దళితులకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బి.సి.-సి.గా లెక్కిస్తారు. ఎస్.సి. హోదా ఇవ్వాలని కోరుతూ రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. గుడికి వెళ్లే కూలీ కొడుకు కాలేజీ దరఖాస్తు నింపేటప్పుడు కులం గడి దగ్గర కలం ఆగిపోవడానికి కారణం ఇదే. ఈ విషయంలో ఎవరి వాదన ఏమైనా, ఆ గడి ముందు నిలబడేది పిల్లవాడే.

వైద్యం వద్దనడం విశ్వాసమా?

దేవుని బలం మీద ఆనుకోవడం అంటే ఏమిటన్న దానిపై సంఘాల్లోనే తేడాలున్నాయి. నూనె రాసి ప్రార్థిస్తే చాలు, మాత్ర మింగితే నమ్మకం లేనట్టే అని చెప్పేవారు లేకపోలేదు. కానుక ఎంత వేస్తే అప్పు అంత తొందరగా తీరుతుందని ఊరించేవారూ ఉన్నారు. ఇలాంటి మాటలు విని జ్వరం ముదిరేదాకా ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. పౌలు ప్రయాణాల్లో తోడున్న లూకా వైద్యుడని అదే బైబిలు చెబుతోంది. పౌలు కూడా గుడారాలు కుట్టి పొట్ట పోసుకున్నాడు. బోధకులు ఈ సంగతులు మరికాస్త గట్టిగా చెబితే బాగుంటుంది.

ప్రార్థన, వైద్యం చేతులు కలిపితే ఏమవుతుందో చూడాలంటే సాలూరు పోవాలి. అక్కడి ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి మిషనరీల కాలం నాటి సేవకు గుర్తు. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కుష్ఠు తీవ్రంగా ఉండేది. రోగి అని తెలిస్తే ఊరి పొలిమేర దాటించేవారు. కట్టుకున్నవారు వదిలేసేవారు. చట్టమూ అలాగే ఉండేది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంతో సహా పలు చట్టాల్లో కుష్ఠు విడాకులకు ఒక కారణంగా ఉండేది. దాన్ని తొలగించింది 2019లోనే!

మొదట్లో ఈ జబ్బుకు చాల్‌ముగ్రా నూనె ఇంజెక్షన్లే గతి. అవి పొడిపించుకోవడమే పెద్ద నరకం. తర్వాత డాప్సోన్ మాత్రలు వచ్చాయి. ఏళ్ల తరబడి మింగవలసి వచ్చేది. 1980ల్లో మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స ఈ జిల్లాలకు వచ్చాక పరిస్థితి మారిపోయింది. ఆ మందుల్లో ఒకటైన క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడుతుంది. దానికి భయపడి మధ్యలో మానేసేవారికి అది కొంతకాలానికి తగ్గిపోతుందని నచ్చజెప్పవలసి వస్తుంది.

జబ్బు నయమైనా పోయిన స్పర్శ అన్నిసార్లూ తిరిగి రాదు. పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలినా తెలియదు. ముల్లు దిగినా కాలికి తెలియదు. పౌలు తన బాధను ముల్లు అన్నాడు. ఇక్కడ ముల్లు గుచ్చుకున్న బాధ తెలియకపోవడమే ఆపద. అందుకే రోజూ కాళ్లు నీళ్లలో నానబెట్టి, కాయలు గీకి, నూనె రాసి, కళ్లతో వెతుక్కోవాలి. మెత్తని రబ్బరు అట్ట వేసిన ప్రత్యేక చెప్పులు తొడుక్కోవాలి. ఒక్కరోజు కాదు, బతికినన్నాళ్లూ ఈ పని తప్పదు. రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకుని కాళ్లు నీళ్లలో పెట్టుకునే మనిషికి దేవుని బలం అనే మాట ఉపన్యాసం కాదు, ఆ రోజుకు కావలసిన ఓపిక.

ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, దాన్ని తాకినా, గిల్లినా తెలియకపోతే వెంటనే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. మందులు ఉచితం. జబ్బు రకాన్నిబట్టి ఆరు నెలలు లేక ఏడాది పాటు వాడాలి. మచ్చ కనబడిన తొలినాళ్లలోనే వచ్చినవారికి చేతులూ కాళ్లూ వంకర పోకుండా కాపాడవచ్చు.