మోటారు సైకిలునకు పెట్రోలు కొలత
విశాఖపట్టణమునుండి అరకునకు కనుమ నెక్కునపుడు పాత కార్బురేటరు బండి ఆయాసపడుట మన పెద్ద లెరుగుదురు. ఎత్తున గాలి పలుచనగును. పెట్రోలు మాత్రము తగినంత తగ్గదు. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 నియమము వచ్చినపిదప బండ్లకు చాలవరకు ఇంజెక్టరు లమర్చిరి. అందలి చిన్న కంప్యూటరు గాలి పీడనము ననుసరించి ఇంజెక్టరు తెరచియుండు కాలమును సవరించును. ఆ కాలము సెకనులో వేయవ వంతులు కొన్ని మాత్రమే!

పొగగొట్టము మార్చినవారు కొందరు ఇంటనే ట్యూనరు బిగింతురు. అది కంప్యూటరునకు, ఇంజెక్టరునకు నడుమ చేరి ఆ కాలమును హెచ్చించును, లేదా తగ్గించును. తూకమున పెట్రోలు ఒక పాలునకు గాలి 14.7 పాళ్లు సరిపడును. పెట్రోలు మిక్కిలి తగ్గినచో ఇంజను వేడెక్కును; హెచ్చినచో ప్లగ్గు మసిబారును. కావున కొంచెము కొంచెముగా మార్చి, ప్రతి మార్పును వ్రాసికొని, ఇంజను చల్లారినపిదప ప్లగ్గు విప్పి చూడవలెను. ఒకేమారు అన్నియు మార్చుట నావంటి తొందరవారి పని. మూసిన షెడ్డులో మాత్రము ఇంజను నడపరాదు. పొగలోని ప్రాణాంతకమగు కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు.