షాంపేను: రైతు పేరిట సీసా
ఫ్రాన్సు దేశపు ఈశాన్యమున రీమ్స్, ఎపెర్నే పట్టణముల చుట్టునుగల సుద్దనేలలలో పండిన ద్రాక్షతో చేసినదే షాంపేను. లోకమెరిగిన పేర్లు పెద్ద వర్తకులవి. తోటలలో పదింట తొమ్మిది వంతులు మాత్రము రైతులవి. బయటి ప్రాంతముల ద్రాక్షను చౌకగా తెచ్చి కలుపుచున్నారని ఆగ్రహించిన రైతులు 1911లో ఆయ్ పట్టణమున వర్తకుల భవనములను తగులబెట్టిరి.

నేడు పలువురు రైతులు తమ పంటను తామే పిండి, తమ పేరనే అమ్ముచున్నారు. ఇది తేలికపని కాదు. ఒకసారి పులిసిన ద్రాక్షాసవమునకు చక్కెరయు ఈస్టును చేర్చి, సీసాలో బిగించి మరల పులియనిత్తురు. అప్పుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువు వెలికి పోలేక ఆసవమున లీనమగును. లోపలి ఒత్తిడి సుమారు 6 వాతావరణములు. మోటారుకారు చక్రములోనిదానికి రెండింతలు పైమాటే! అమ్మకమునకు కనీసము 15 నెలలు ఆగవలెను. అంతకాలమును రైతు పెట్టుబడి నేలమాళిగలోనే చిక్కియుండును.

పెద్ద సంస్థలు అనేక గ్రామముల పంటను కలిపి ఏటేట ఒకే రుచిని నిలుపును. రైతు సీసాలోనో, ఆ యూరి నేలయు ఆ యేటి యెండవానలును తెలియును. అదియే దాని ఆకర్షణ. ప్రతి రైతు సరకును మేలైనదని చెప్పజాలము. మంచు కురిసి మొగ్గలు మాడిన యేడు ఆదుకొనుటకు అతనికి పొరుగూళ్ల పంట లేదు. సీసాపై చిన్న అక్షరములలో 'ఆర్. ఎమ్.' అని యుండును. పండించినవాడే చేసినాడని దాని అర్థము.