డీబగ్గరు చెప్పిన పేరు నిజమేనా?

(రేడియో ప్రసంగానికి అక్షరరూపం)

సాఫ్ట్‌వేరు గురించి రేడియోలో మాట్లాడటం కొంచెం చిక్కే. తెర చూపించలేను, కోడు చదివి వినిపిస్తే మీరు స్టేషను మార్చేస్తారు. అయినా మన కుటుంబాల్లో చాలామందికి తిండి పెడుతున్న పని ఇదే కదా. ఇంట్లో ఒకరు అర్ధరాత్రి దాకా కంప్యూటరు ముందు కూర్చుని "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?" అని గొణుక్కుంటూ ఉంటే, ఆ గొణుగుడు దేనికో మిగతావాళ్ళకి కాస్త తెలిస్తే బాగుంటుంది. అందుకని ఈ వేళ ఒక చిన్న ముక్క తీసుకున్నాను. ప్రోగ్రాములో అంకెలుగా మారిపోయిన పేర్లను డీబగ్గరు మళ్ళీ పేర్లుగా ఎలా చూపిస్తుంది, సరిగ్గానే చూపిస్తోందని ఎలా పరీక్షిస్తారు అన్నది.

మన తెలుగు సంవత్సరాలు తీసుకోండి. ప్రభవ, విభవ, శుక్ల... ఇలా అరవై పేర్లు, ఒక వరుస. 2025 ఉగాదికి మొదలైన విశ్వావసు ఆ వరుసలో 39వది. పిలుచుకోవడానికి మనకు పేరు కావాలి, లెక్క వేయడానికి అంకె చాలు. సీ భాషలో ప్రోగ్రామరు ఇలాంటి పేర్ల పట్టీ రాసుకుంటే దాన్ని ఎనమ్ అంటారు. ఒక్క తేడా ఉంది. మనం ఒకటి నుంచి లెక్కపెడతాం, సీ భాష సున్నా నుంచి మొదలుపెడుతుంది. 'ప్రభవ అంటే ఒకటి' అని విడిగా రాయకపోతే ప్రభవ సున్నా అయిపోతుంది, విశ్వావసు 38 అవుతుంది.

ఆ ప్రోగ్రామును కంపైలరు యంత్రభాషలోకి మార్చాక పేర్లు మిగలవు, అంకెలే మిగులుతాయి. మరి ప్రోగ్రాము మధ్యలో కూలిపోయినప్పుడు, దాని పొట్ట విప్పి చూసే డీబగ్గరుకి ఆ 38 విశ్వావసు అని ఎవరు చెప్పాలి? కంపైలరే చెప్పాలి. జీసీసీ అయినా క్లాంగ్ అయినా, కంపైలు చేసేటప్పుడు 'మైనస్ జీ' అని అడిగితే, యంత్రభాష పక్కనే ఒక చిట్టా కూడా రాసిపెడుతుంది. లినక్స్‌లో ఆ చిట్టా ఉండే పద్ధతి పేరు డ్వార్ఫ్. ప్రోగ్రాము ఫైలు ఉండే పద్ధతికి ఎల్ఫ్ అని పేరు ఉండటంతో దానికి జోడీగా ఈ పేరు పెట్టారు. జానపద కథల్లో ఎల్ఫులు, మరుగుజ్జులు కలిసి తిరుగుతారు కదా, ఆ సరదా అన్నమాట. డ్వార్ఫ్ రెండో కూర్పు 1993లో, అయిదోది 2017లో వచ్చాయి. ఆ చిట్టా చదివే డీబగ్గర్లలో బాగా పాతది జీడీబీ. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాశాడు. ఇప్పటికీ వాడుతున్నారు.

అంటే మనకు కనిపించే ఒక్క పేరు వెనక ముగ్గురున్నారు. పట్టీ రాసిన ప్రోగ్రామరు, చిట్టా రాసిన కంపైలరు, దాన్ని చదివిన డీబగ్గరు. ఎవరు తడబడినా పేరు మారిపోతుంది. డీబగ్గరు పట్టుకుని పనిచేసేవాడు మాత్రం తెర మీద పేరు కనిపించగానే నమ్మేస్తాడు. నమ్మక ఏం చేస్తాడు, రాత్రి రెండింటికి!

అందుకని డీబగ్గరు తయారుచేసేవాళ్ళు దాన్ని పరీక్షించడానికి వందల కొద్దీ బుల్లి ప్రోగ్రాములు రాసుకుంటారు. జీడీబీ పరీక్షలు డేజాగ్నూ అనే పనిముట్టుతో నడుస్తాయి. అది మనిషిలాగే జీడీబీకి ఒక ఆజ్ఞ టైపు చేస్తుంది, జవాబు కోసం ఆగుతుంది, వచ్చిన అక్షరాలను ముందే రాసిపెట్టుకున్న జవాబుతో పోల్చి చూస్తుంది. సరిపోతే పాస్, లేకపోతే ఫెయిల్. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. తప్పు కంపైలరు లాంటి బయటివాళ్ళదని తేలితే ఆ ఫెయిలుకు ఒక ముద్ర వేస్తారు, జీడీబీదే అని ముందే తెలిసి ఉంటే వేరే ముద్ర వేస్తారు. ఎవరి తప్పో తేల్చడానికి ఇంకో ఉపాయం కూడా ఉంది. కంపైలరును పక్కన పెట్టేసి, డ్వార్ఫ్ చిట్టాను పరీక్ష రాసేవాళ్ళే చేత్తో రాసి జీడీబీకి ఇస్తారు. అప్పుడు కూడా తప్పు పేరు వస్తే ఇక కంపైలరు మీదకు నెట్టడానికి ఉండదు.

పరీక్ష రాయడంలో గోతులు చాలానే ఉన్నాయి. ఎనమ్ పట్టీ రాసి, దాన్ని ఎక్కడా వాడకపోతే, జీసీసీ దాన్ని అనవసరం అనుకుని చిట్టాలోంచి తీసేస్తుంది. అప్పుడు డీబగ్గరుకు ఆ పట్టీ ఊసే తెలియదు. రెండు పేర్లకు ఒకే అంకె ఇస్తే జీడీబీ పట్టీలో ముందున్న పేరే చెబుతుంది. మైనస్ అంకెలతో ఇంకో తంటా. చిట్టాలో ఒక విలువను ఒక్క బైటులో రాశారనుకోండి. ఆ బైటు 255 అనా, మైనస్ ఒకటి అనా? బైటును చూస్తే తెలియదు, చుట్టుపక్కల సమాచారం చూడాలి. అందుకే మంచి పరీక్షలో చిన్న అంకెలతో పాటు మైనస్‌లు, 4294967295 లాంటి భారీ అంకెలు కూడా ఉండి తీరాలి.

అసలు కథ ఫ్లాగుల దగ్గర ఉంది. పెసరట్టు మీద ఏమేం వేయాలో గుర్తుపెట్టుకునే ప్రోగ్రాము ఉందనుకోండి. ఉల్లికి 1, అల్లానికి 2, పచ్చిమిర్చికి 4. ఒక్కోటి ఒక్కో స్విచ్చి, ఏవి కలిపినా మొత్తం వేరుగా వస్తుంది. విలువ 5 అయితే పట్టీలో 5 లేదు కదా అని జీడీబీ చేతులెత్తేయదు. 'ఉల్లి', నిలువు గీత, 'పచ్చిమిర్చి' అని చూపిస్తుంది. 13 వస్తే ఆ రెండూ చెప్పి, మిగిలిన 8 ఏమిటో తెలియదని కూడా చెబుతుంది. భేషుగ్గా ఉంది. మరి ఏమీ వేయని సాదా పెసరట్టు సంగతి? విలువ సున్నా. సున్నాకు పట్టీలో పేరు లేకపోతే జీడీబీ 'తెలియనిది: సున్నా' అనేది. తెలియకపోవడానికి ఏముంది, ఏమీ వేయలేదు, అంతే! 2020లో దాన్ని సరిచేసి, ఉత్త సున్నా చూపించేలా మార్చారు, దానికి పరీక్ష కూడా చేర్చారు. చూడటానికి చిన్న మార్పే. కానీ 'తెలియనిది' అన్న మాట చూసి ఏదో పాడైందని వెతకడం మొదలుపెట్టేవాళ్ళకు బోలెడు శ్రమ తప్పింది.

ఇది ఫ్లాగుల పట్టీ అని చెప్పే మాట సీ భాషలో లేదు. అంకెల వాలకం చూసి డీబగ్గరే ఊహించుకుంటుంది. ఊహ అన్నాక అది తప్పే రోజూ ఉంటుంది. ట్రాఫిక్ లైటు పట్టీ చూడండి: ఎరుపు 0, పసుపు 1, పచ్చ 2. ఇవి స్విచ్చిలు కావు, ఒక్కసారి ఒక్క లైటే వెలగాలి. కానీ 1, 2 చూడగానే స్విచ్చిల్లాగే ఉంటాయి. ప్రోగ్రాములో ఇంకెక్కడిదో తప్పు రాత వచ్చి ఈ విలువ మీద పడి 3 అయిందనుకోండి. జీడీబీ 'పసుపు, పచ్చ' అని రెండూ కలిపి చూపిస్తుంది. అది చూసిన ఇంజనీరు, రెండు లైట్లు ఒకేసారి ఏ కోడు వెలిగిస్తోందా అని తెల్లవార్లూ వెతుకుతాడు. అలాంటి కోడే లేదు! ఉత్త 3 కనిపించి ఉంటే, పట్టీలో లేని అంకె వచ్చిందే అని అప్పుడే అనుమానం వచ్చేది. నన్నడిగితే, తెలియదని చెప్పే డీబగ్గరు కంటే నమ్మదగ్గ పేరు తప్పుగా చెప్పే డీబగ్గరే ప్రమాదం. పరీక్షలు రాసేవాళ్ళు సరైన విలువలకంటే పట్టీలో లేని విలువల మీదే ఎక్కువ సమయం పెట్టాలి. పట్టీలో ఉన్నవి ఎలాగూ పాసవుతాయి.

మీ ఇంట్లో ఈ పని చేసేవాళ్ళుంటే, లేదా కాలేజీలో సీ భాష నేర్చుకుంటున్న పిల్లలుంటే, పేరు మీద అనుమానం వచ్చినప్పుడు జీడీబీలో 'ప్రింట్' తర్వాత స్లాషు, డీ అక్షరం కొట్టమనండి. పేరు పక్కన పెట్టి అంకె చూపిస్తుంది. అక్కడ 3 అని వచ్చిందా, లైట్ల కోడు వదిలేసి, ఆ చోట ఎవరు రాశారో పట్టుకోవాలి. దానికి 'వాచ్' అని ఇంకో ఆజ్ఞ ఉంది, విలువ మారిన క్షణంలోనే ప్రోగ్రామును ఆపేస్తుంది. దాని సంగతి మరో వారం చెప్పుకుందాం. సెలవు.