తినకపోయినా ఇన్సులిన్ ఎందుకు?

మన మందుల నిధికి జకాత్, సదఖా ఇచ్చే పెద్దలు తరచుగా ఒక ప్రశ్న వేస్తుంటారు: "పిల్లవాడు జ్వరంతో రెండు రోజులుగా ఏమీ తినడం లేదు. ఇక షుగర్ ఎక్కడినుంచి వస్తుంది? ఆ రెండు రోజులూ ఇంజెక్షన్ ఆపితే ఏమవుతుంది?" సహజమైన ప్రశ్నే. కాని పిల్లలకు ఎక్కువగా వచ్చే టైప్ 1 రకంలో షుగర్ ఒక్కటే కాదు, కరిగి రక్తంలోకి వచ్చే కొవ్వు కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

టైప్ 1లో శరీరాన్ని కాపాడవలసిన రక్షక కణాలే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తాయి. ఇదే జబ్బు దానంతటదే వచ్చే జంతువుల్లో రెండు బాగా తెలిసినవి. కెనడాలోని ఒటావాలో 1974లో గుర్తించిన బీబీ ఎలుక ఒకటి. జపాన్ శాస్త్రవేత్తలు 1980లో ప్రకటించిన ఎన్‌ఓడీ చిట్టెలుక రెండోది.

ఇన్సులిన్ పని షుగర్‌ను కణాల్లోకి పంపడమే అనుకుంటాం. కొవ్వు నిల్వలకు తాళం వేసి ఉంచేది కూడా అదే. అది లేకపోతే కొవ్వు కరిగి, ఫ్యాటీ ఆమ్లాలుగా రక్తంలోకి వస్తుంది. అదే సమయంలో గ్లూకగాన్ అనే హార్మోన్‌కు అడ్డు లేకుండా పోతుంది. దాని ప్రేరణతో కాలేయం ఆ ఫ్యాటీ ఆమ్లాలను కీటోన్లుగా మారుస్తుంది. కీటోన్లు మితిమీరితే రక్తం ఆమ్లంగా మారుతుంది. వాంతులు, ఆయాసం, నోట్లో పండు వాసన వస్తాయి. చివరికి స్పృహ తప్పుతుంది. ఇదంతా జరగడానికి పిల్లవాడు ఒక్క ముద్ద కూడా తినక్కర్లేదు. పైగా జ్వరంలో పెరిగే ఇతర హార్మోన్లు కొవ్వును ఇంకా వేగంగా కరిగిస్తాయి.

జబ్బు ముదిరిన బీబీ ఎలుకకు ఇన్సులిన్ ఇవ్వకపోతే కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. ఎన్‌ఓడీ చిట్టెలుకలో కీటోన్లు అంతగా పెరగవు. ఇన్సులిన్ లేకుండానే అది కొన్ని వారాలు బతుకుతుంది. ఈ విషయంలో మన పిల్లలకు దగ్గరగా ఉన్నది బీబీ ఎలుకే. మరో తేడా కూడా ఉంది. ఎన్‌ఓడీలో జబ్బు ఆడవాటికే చాలా ఎక్కువ, మన పిల్లల్లో అంత తేడా లేదు. అందుకే ఒక్క జంతువును చూసి మనిషి గురించి తీర్పు చెప్పకూడదు.

2010లో అమెరికాలోని డాలస్ శాస్త్రవేత్తలు జబ్బు వచ్చిన ఎన్‌ఓడీ చిట్టెలుకలకు లెప్టిన్ ఇచ్చి చూశారు. కొవ్వు కణాల్లోనే తయారయ్యే హార్మోన్ ఇది. గ్లూకగాన్ అణిగింది, షుగర్‌తో పాటు రక్తంలోని కొవ్వూ తగ్గింది. అప్పట్లో చాలా ఆశలు రేగాయి. మనుషుల్లో మాత్రం లెప్టిన్ ఇన్సులిన్‌కు బదులు కాలేకపోయింది.

కనుక జ్వరమైనా, రంజాన్ ఉపవాసమైనా ఇన్సులిన్ మోతాదును డాక్టరు చెప్పినట్టు మార్చాలే గాని, పూర్తిగా ఆపకూడదు. టైప్ 1 పిల్లలు రోజా ఉండవచ్చా లేదా అన్నది కూడా డాక్టరును అడిగే తేల్చుకోవాలి. ఏడాదికొకసారి శిబిరం పెట్టి మూడు నెలల మందు పంచితే ఫొటోలు బాగానే వస్తాయి. కాని నాలుగో నెలలో సీసా ఖాళీ అయిన ఇంట్లో కొవ్వు కరగడం మొదలవడానికి ఒక్క రోజు చాలు. దాతలు ఒక పిల్లవాడి బాధ్యత తీసుకుంటే పన్నెండు నెలల ఇన్సులిన్‌కూ, కీటోన్లు చూసే స్ట్రిప్‌లకూ కలిపి తీసుకోవాలని మా మనవి.