వార్తల్లో పదం: ఈబర్డ్ చెక్‌లిస్ట్

ఏటా ఫిబ్రవరిలో ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరిగే నాలుగు రోజులూ ఈ మాట పత్రికల్లో కనిపిస్తుంది. ఒకచోట కాసేపు ఆగి, చూసిన, విన్న పక్షులను లెక్కతో సహా నమోదుచేసే పట్టికే చెక్‌లిస్ట్. వీటిని ఎవరైనా పంపేందుకు అమెరికాలో కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబన్ సొసైటీ 2002లో ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదికను ప్రారంభించాయి.

అరుదైన పిట్టల వెంట కెమెరాలతో పరుగెత్తేవాళ్లకు ఇది చప్పగా అనిపించవచ్చు. ఇక్కడ కాకినీ, గోరింకనూ కూడా రాయాల్సిందే. గుర్తుపట్టినవన్నీ రాస్తేనే అది ‘సంపూర్ణ’ జాబితా. అప్పుడే ఏ పక్షి కనిపించలేదో కూడా పరిశోధకులకు తెలుస్తుంది. అనుమానం కలిగించే నమోదు వస్తే స్థానిక వలంటీర్లు ఫొటోనో, వివరాలో అడుగుతారు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట దేశంలో తగ్గిపోతోందని 2023లో ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక చెప్పింది ఇలాంటి జాబితాల ఆధారంగానే.